బావ చేతివాసి

"మీ అక్క చెయ్యి పడితే చచ్చినా లేవదోయ్. దేనికైనా చేతివాసి ఉండాలి," అంటూ బావ ఒక చేత్తో సీపీయూ మీట నొక్కాడు. రెండో చెయ్యి అప్పటికే దాని వెనకాల ఆనించి ఉంచాడు. కంప్యూటర్ బుద్ధిగా లేచింది.

అక్క ఇంట్లోంచే అనువాదాలు చేస్తుంది. బావ ఆఫీసుకు వెళ్లగానే కంప్యూటర్ మొరాయించేది. అలా చేతికొచ్చిన పనులు జారిపోయాయి. అందుకే రిపేర్లు చేసే తమ్ముణ్ణి పిలిచింది.

బావ స్నానానికి వెళ్లాక తమ్ముడు సీపీయూని తిప్పాడు. వెనకంతా జిడ్డుదుమ్ము, వెంట్రుకలు, ఎండిపోయిన బొద్దింక. అంత చెత్తలోనూ కరెంటు వైరు పక్కనున్న స్విచ్ మాత్రం తళతళలాడుతోంది. రోజూ వేలు పడితే తప్ప అలా ఉండదు.

"అక్కా, ఇది ఎవరో ఆపుతున్నారు."

"పొద్దున ఆయన ఆపి వెళ్తారు. నెల కిందట కనిపెట్టాను. అప్పట్నుంచి నేనే వేసుకుని పని చేసుకుంటున్నా. ఆయనొచ్చే వేళకి మళ్లీ ఆపేస్తున్నా."

"తెలిసీ నన్నెందుకు పిలిచావు?"

"ఫోన్లో చెబితే నమ్మేవాడివా? ఏం చెప్పినా 'బావ బంగారం, నువ్వే సర్దుకుపో' అంటావుగా."

స్నానాలగదిలోంచి కూనిరాగం ఆగింది.

"ఏమోయ్, దొరికిందా రోగం?"

బొద్దింకను చూసినప్పుడు కూడా తమ్ముడికి ఇంత రోత పుట్టలేదు.

అక్క వంగి స్విచ్ ఆపేసింది. కంప్యూటర్ చప్పున ఆరిపోయింది.

"ఇప్పుడు చెప్పరా, సర్దుకోమని."