హమ్దీకి సరితూగేవాడు

కాగిత్‌హానే వాగు పొంగి, గొర్రెల మందలు సుల్తాను నగరంలోని హాలిచ్ పాయలోకి కొట్టుకొచ్చిన ఏడాది.

"దిగు. మళ్ళీ ఎక్కు," అన్నాడు నావికుల పెద్ద కాదిర్ రెయిస్.

ఫెహీమ్ కాటా దిగి మళ్ళీ ఎక్కాడు. ముల్లు అక్కడే ఆగింది.

"మూడు ఓక్కాలు తగ్గావు. నువ్వొచ్చి రెండు నెలలే గదరా!"

వెనక నిలబడ్డ నావికులు నవ్వారు. వంటవాడు దుర్సున్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"గడ్డి తింటే అంతే మరి, రెయిస్! రేవు గట్టున మేకలాగా ఆకులు ఏరుకుంటాడు. నేను వండే చిక్కుడు గింజలు దొరగారికి కంపు."

"కంపు కాదన్నా. గొర్రె కొవ్వు పడదు. మా దీవిలో నూనె..."

మాట సగంలో ఆగింది. మిగతాది వాళ్ళ భాషలో ఎలా చెప్పాలో ఫెహీమ్‌కి తట్టలేదు. అతను క్రీటు నుంచి వచ్చినవాడు. మిగిలినవాళ్ళంతా నల్లసముద్రం ఒడ్డున ఒకే జిల్లావాళ్ళు.

"నూ...నె," అని దుర్సున్ అతని యాసలోనే సాగదీశాడు. మళ్ళీ నవ్వులు.

సుల్తాను కొన్న ఆ మునిగే పడవ తక్కెడలాంటిది. నీళ్ళ కింద ఒక్కడు ఇటునుంచి అటు జరిగినా ఒరిగిపోయేది. అందుకని బరువులు తూచి, జంటలు కట్టి, బాయిలరుకు అటొకరు ఇటొకరు ఉండేలా చోట్లు ఖాయం చేశారు. చిట్టచివరి జంట ఫెహీమ్, హమ్దీ.

కెప్టెన్ బే వచ్చాడు. అందరూ బిగుసుకున్నారు.

"నిన్న పడవ హమ్దీ వైపు ఒరిగింది. ఎందుకొరిగింది?"

"వీడు తగ్గాడు, బే," అన్నాడు రెయిస్.

"రేపు సుల్తానుగారి కొలువు నుంచి పాషాలు చూడటానికొస్తున్నారు." కెప్టెన్ ఫెహీమ్ ముఖంలోకి చూశాడు. "రేపు గనక ఒరిగిందా, సాయంత్రానికి నువ్వు యెమెన్ ఓడలో ఉంటావు. విన్నావా?"

ఫెహీమ్ తలూపాడు. యెమెన్ యుద్ధానికి వెళ్ళినవాళ్ళు ఉత్తరాలు రాయరు. రాయడానికి మిగలరు.

"హమ్దీని చూసి నేర్చుకో. రెండేళ్ళలో అంగుళం కదల్లేదు. ఇది కావాలని అడగలేదు."

"ఊపిరి కూడా పొదుపే, బే!" అన్నాడు దుర్సున్. "మొదటిసారి మునిగినరోజు పడవ మూత గోకి, అమ్మా అమ్మా అని గోలపెట్టాడు. ఆ తర్వాత నోరెత్తితే ఒట్టు."

కెప్టెన్ మీసం కూడా కొంచెం కదిలింది.

మధ్యాహ్నం ఇంకోసారి మునిగి చూశారు. దీపం ముందువైపు ఒక్కటే. వెనకంతా చీకటి, వేడి, మసి వాసన. హమ్దీ ఎప్పట్లాగే ముందే తన చోట ఉన్నాడు. ఫెహీమ్ ఎదురుగా కూర్చుని, బాయిలరు చప్పుడులో ఎవరికీ వినపడకుండా మొదలుపెట్టాడు. తన భాషలో.

"ఇవాళ మా అమ్మ గుర్తొచ్చింది హమ్దీ. వాన పడ్డ మర్నాడు కొండెక్కేది. ఒడినిండా ఆకులు తెచ్చేది. ఎన్ని రకాలో! నాలుగు పేర్లు మర్చిపోయాను. ఇక్కడ అడుగుదామంటే ఎవరున్నారు?"

హమ్దీ మధ్యలో నవ్వలేదు. 'మనుషుల భాషలో చెప్పు' అని కూడా అనలేదు.

"ఇల్లు తగలబడ్డాక ఓడెక్కాం. అమ్మ సగం దారిలోనే పోయింది. సముద్రంలో వేశారు. ఇట్లా నీళ్ళ కిందికి వచ్చినప్పుడల్లా ఆమెకి కొంచెం దగ్గరికొచ్చినట్టుంటుంది. ఈ మాట పైన చెప్తే నవ్వుతారు."

పడవ మెల్లగా హమ్దీ వైపు వాలింది.

"ఒరేయ్ క్రీటోడా!" ముందునుంచి రెయిస్ అరుపు. "తేల్చండి, తేల్చండి!"

పైకొచ్చాక ఫెహీమ్ గిన్నెడు చిక్కుడు గింజలు బలవంతాన మింగాడు. గట్టు చివరికి పోయి కక్కుకున్నాడు. తర్వాత బూట్లలో గులకరాళ్ళు పోసుకుంటుంటే రెయిస్ చూశాడు. బూట్లు లాక్కుని బోర్లించాడు.

"గొట్టాల్లో పడితే అందరం చస్తాం. రేపు ఒంటిమీద చొక్కా లాగు తప్ప ఇంకేం ఉండకూడదు. మూత దగ్గర నేనే తడిమి చూస్తా."

"రేపట్లోగా మూడు ఓక్కాలు ఎట్లా ఎక్కాలి, రెయిస్?"

"నన్నడుగుతావేంరా? రెండు నెలలు తినమంటే విన్నావా?"

దుర్సున్ గరిటె కడుగుతూ అన్నాడు, "హమ్దీనే తగ్గమను పోనీ. నీ నేస్తం గదా!"

"నోర్ముయ్," అన్నాడు రెయిస్. "హమ్దీ బరువు కెప్టెన్ బే కాగితం మీద రాయించాడు. వీడికోసం మారుతుందా అది?"

పొద్దు వాలింది. నావికులు గుండ్రంగా కూర్చుని కెమెంచె వాయిస్తూ వాళ్ళ ఊరి పాట ఎత్తుకున్నారు. జరిగి చోటిచ్చినవాడు లేడు. ఫెహీమ్ తాళ్ళు కట్టే రాయి మీద ఒక్కడే కూర్చున్నాడు.

యెమెన్ అంటే భయమే. కానీ అతని అసలు దిగులు అది కాదు. యెమెన్‌లోనూ మనుషులుంటారు. అక్కడా యాస పట్టుకుని నవ్వుతారు. ఇంత పెద్ద నగరంలో రెండు నెలలపాటు అతని మాట మధ్యలో తుంచకుండా ఉన్నవాడు హమ్దీ ఒక్కడే. ఆ ఎదుటి చోటు పోతే ఇక ఆ నాలుగు ఆకుల పేర్లు వెతుక్కునేది ఎవరి దగ్గర?

పాట అయిపోయింది. ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. పోతూ పోతూ దుర్సున్ అతని పక్కన రొట్టె ముక్క ఒకటి పెట్టాడు. ఫెహీమ్ దాన్ని తిన్నాడు. అది సరిపోదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు తెల్లవారుతూనే ఫెహీమ్ పడవలోకి దిగి, ఆ మొదటి మునక తర్వాత హమ్దీ చోట, హమ్దీ పేరుతో కూర్చోబెట్టిన గోనె మూతి విప్పి, ఆరు దోసిళ్ళ ఇసుక తీసేశాడు.