రెండు సెకన్లు

“చెయ్యి వదిలితే రాలిపడటానికి అదేమన్నా తాటికాయా అమ్మా?” అన్నారు శ్రీరామచంద్రమూర్తి మాస్టారు, ఎర్రసిరా కలం మూత తీస్తూ.

ఎదుటి కుర్చీలో రాగిణి ముడుచుకుని కూర్చుంది. విజయవాడలో ముప్పయ్యేళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరైన మాస్టారు ఇప్పుడో వెబ్ పత్రికలో జానపద కథల్లోని సైన్సు తప్పుల్ని ఉతికి ఆరేస్తుంటారు. తప్పు దొరికిందంటే ఆయనకి పండగే! రాగిణి ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి, అదే ఒక్క పేజీ పట్టుకుని. రాజవీధిలో తల్లి చెయ్యి పట్టుకుని నడుస్తున్న రాజకుమారుడి మీద ఇనుప గద పడుతుంది. వాడు పోతాడు, తల్లి మిగులుతుంది. అంతే కథ.

“మొదట కోటబురుజు మీంచి పడేశావు. అరవై అయిదడుగులు. రెండు సెకన్లు పడుతుందన్నాను. పైనుంచి ‘తప్పుకోండి’ అని కేక వేయించిందీ నువ్వే. రెండు సెకన్లలో పక్కనున్న తల్లి పిల్లాణ్ణి లాగెయ్యదా?”

“అందుకే మార్చానండీ. ఇప్పుడు భూమి చుట్టూ తిరిగే మాంత్రికుడి విమానంలోంచి పడుతుంది.”

“కక్ష్యలో తిరిగేదాంట్లోంచి వదిలితే గద కూడా దాంతోపాటే తిరుగుతుంది. చంద్రుడు పడుతున్నాడా మన నెత్తిన? వెనక్కి తన్ని వేగం తగ్గిస్తేనే దిగుతుంది.”

“తన్నిద్దామండీ. కిందికొచ్చేసరికి ఎంత వేగం ఉంటుంది?”

“ఏనుగంత బరువు గద కదా. గాలి ఎంత అడ్డుపడ్డా సెకనుకి మూడు కిలోమీటర్లు వేసుకో.”

రాగిణి కుర్చీ ముందుకి లాక్కుంది. “అయితే తల్లికి తెలియదు కదండీ? చప్పుడన్నా వినపడదు కదా?”

“చప్పుడు కంటే గదే ముందొస్తుంది. దేవుడు దిగొచ్చినా లాగలేడు.”

“అమ్మయ్య!” అంది రాగిణి. కళ్లు తుడుచుకుంది. రచయిత్రులకి ఈమాత్రం సున్నితత్వం ఉండాల్సిందే అనుకుని మాస్టారు మురిసిపోయారు.

తీరా పేజీ చివరికొచ్చేసరికి ఆయన కలం ఆగింది.

“ఇదేంటమ్మా, తల్లి బతికే ఉందే!”

“ఉందండీ. చిన్న దెబ్బ కూడా తగల్లేదు.”

“కుదరదు. ఆ వేగంతో పడితే గద బరువెంతో అంత మందుగుండు పేలినట్టే. వీధి మధ్యన చెరువంత గొయ్యి పడుతుంది. చెయ్యి పట్టుకున్న మనిషికి గోరు కూడా మిగలదు.”

“పోనీ, కాస్త నెమ్మదిగా పడితేనో?”

“నెమ్మదిగా పడితే టైముంటుంది. టైముంటే లాగాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఫిజిక్సు ఒప్పుకోదు తల్లీ.”

“ఇంకే దారీ లేదాండీ?” అంది రాగిణి.

“లేదు,” అని కుండబద్దలు కొట్టేశారు మాస్టారు. పేజీ అడుగున ఎర్రసిరాతో రాసి, పాఠం అప్పజెప్పినట్టు చదివి వినిపించారు కూడా. “తల్లి బతికిందంటే టైమున్నట్టే. టైముండీ లాగలేదంటే అది తల్లే కాదు. పాత్ర మార్చాలి.”

రాగిణి ఆ కాగితం తీసుకుని, దణ్ణం పెట్టి, మెట్లు దిగిపోయింది. తీసుకెళ్లడానికి వచ్చిన భర్త ఉదయభాస్కర్ గేటు దగ్గర పిలుస్తున్నా ఆగలేదు. వీధి మలుపు తిరిగిపోయింది.

“కథ మార్చమన్నానని అలిగినట్టుందయ్యా,” అని నవ్వారు వెనకే గేటు దాకా దిగొచ్చిన మాస్టారు.

“కథేంటండీ?”

“అదే, మీద గద పడుతుంటే పిల్లాడి చెయ్యి పట్టుకుని గుడ్లప్పగించి చూసే మహాతల్లి కథ! లోకంలో అలాంటి తల్లి ఎక్కడన్నా ఉంటుందా, నువ్వే చెప్పు.”

ఉదయభాస్కర్ రాగిణి వెళ్లిన మలుపు వైపు చూశాడు.

“వన్ టౌన్లో మా బాబు మీద ఇనుప దూలం పడినప్పుడు వాడి చెయ్యి పట్టుకుంది తనేనండీ.”