తీగ కట్టిన వాల్వు

శనివారం ఉదయం పదిన్నరకు తండ్రి ఆ తీగ కోశాడు.

పెరట్లో ఈతకొలను ఉందనే ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ప్రమాదంలో విరిగిన కూతురి మోకాలు అతికింది గానీ వంగడం లేదు. నీళ్ళలో వంచమన్నాడు డాక్టరు. సోమవారానికి వంగకపోతే మళ్ళీ ఆపరేషనే అన్నాడు.

కొలను నిండా పాచి. పంపు తిరుగుతోంది, నీళ్ళు లాగడం లేదు.

తండ్రి పంపు ముందున్న జల్లెడ బుట్టలో ఆకులు తీశాడు. మూత కింది రబ్బరు మార్చాడు. కొలనులో నీటిమట్టం పెంచాడు. స్విచ్ మీద అనుమానమొచ్చి వైర్లు నేరుగా కలిపేశాడు.

"ముసలి ఎద్దు కూడా ఇంతకంటే ఎక్కువ తాగుతుందండీ," అంది భార్య.

చివరికి కనిపించింది. కొలను అడుగు నుంచి వచ్చే పైపు వాల్వు మూసి ఉంది. దాని పిడిని పైపుకు కలిపి ఇనుపతీగ చుట్టి ఉంది. తీగ తుప్పు పట్టింది.

"ఎవడో బుద్ధిమంతుడు!" అంటూ తండ్రి తీగ కోసేశాడు.

వాల్వు తెరవగానే పంపు చప్పుడు మారింది. మూత కింద నీళ్ళు సుడి తిరిగాయి.

అంతలోనే గేటు మోగింది. ఎదురింటి పైగదిలో ఉండే ఆవిడ. కాళ్ళకు చెప్పులు లేవు.

"బాబూ, తీగ తీశారా?"

"ఏం?"

"పంపు చప్పుడు మారింది. కింది వాల్వు మూసేయండి బాబూ. పాపని నీళ్ళలోకి..."

"చప్పుడు పడకపోతే కిటికీ వేసుకోండి. మా ఇంట్లో వాల్వు సంగతి మీకెందుకు?"

"అది కాదు, అడుగున..."

"ఇక్కడ పిల్ల కాలు పోయేలా ఉంటే మీ నిద్ర గొడవేంటండీ!"

గేటు వేసి లోపల గొళ్ళెం పెట్టాడు.

"వెళ్ళిందా?" అంది భార్య.

"అక్కడే నిలబడింది. పిచ్చిదేమో."

ఆవిడ మళ్ళీ గేటు కొట్టింది. పంపు చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

సాయంత్రానికి నీళ్ళలో పచ్చదనం తగ్గింది. అడుగు మాత్రం కనిపించడం లేదు.

"రేపు దింపుదామండీ."

"రేపు ఒక్కరోజులో ఏం వంగుతుందే?"

"నీళ్ళలో గుంజీళ్ళా నాన్నా?" అంది కూతురు. "ఏం తప్పు చేశానని?"

గట్టు పట్టుకుని ఛాతీ లోతు నీళ్ళలో నిలబడింది. మోకాళ్ళు వంచింది.

"నాన్నా, వంగింది!"

రెండోసారి కాలు జారింది. మునిగింది. లేవలేదు.

తండ్రి దూకాడు. భుజాలు పట్టి లాగాడు. తల రావడం లేదు. చేత్తో తడిమాడు. జుట్టంతా అడుగున ఉన్న రంధ్రంలోకి పోయింది. రంధ్రం మీద జాలీ లేదు.

పైకి లేచి అరిచాడు. "పంపు ఆపవే! పంపు ఆపు!"

తల్లి పంపు గదిలోకి పరిగెత్తింది. స్విచ్ కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"ఆగడం లేదండీ!"

ఇంకా గేటు బయటే ఉన్న ఎదురింటావిడ పైనుంచి చెయ్యి పెట్టి గొళ్ళెం తీసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా ఇంట్లోకి వెళ్ళి, మెట్ల కింది అర తలుపు తెరిచి, మెయిన్ స్విచ్ కిందికి లాగింది.

పంపు ఆగింది. తండ్రి లాగితే జుట్టు వచ్చింది.

పిల్ల నీళ్ళు కక్కింది. ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా ఆవిడ గుమ్మంలోనే ఉంది. తర్వాత చూస్తే లేదు.

ఆదివారం తండ్రి కొలను ఖాళీ చేయించి, ఆ రంధ్రం సిమెంటుతో పూడ్పించాడు. చేతులు కడుక్కుని ఎదురింటికి వెళ్ళాడు. పైగదికి తాళం. ఇంటాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఖాళీ చేసేసిందండీ. మీ వాళ్ళు సిమెంటు పోస్తుంటే కిటికీలోంచి చూసింది. అది అయ్యాకే పెట్టె సర్దుకుంది."

"ఎక్కడికెళ్ళారు?"

"చెప్పలేదు."

"మా ఇంట్లో మెయిన్ ఎక్కడుందో ఆవిడకెలా తెలుసండీ?"

"తెలియకేం? ఆ ఇల్లు కట్టించిందే ఆవిడ. కొన్నవాళ్ళు జాలీ వేయిస్తామన్నారు, వేయించలేదు."

"మరి ఆ తీగ?"

"ఆవిడే కట్టింది. కూతురు ఆ కొలనులో పోయాక ఇల్లమ్మేసి, పంపు చప్పుడు వినపడేంత దూరంలో ఈ గది తీసుకుంది."