కదిలితే వెలిగే లైటు

"మళ్లీ వెలిగిందిరా బాబూ!"

చుక్కలాయన నెత్తి కొట్టుకున్నాడు.

ఉద్యోగం కరెంటు ఆఫీసులో గుమాస్తాగిరీ. ఆకాశం పిచ్చి చూసి అపార్టుమెంటు జనం పెట్టిన పేరు చుక్కలాయన.

చలికాలం కదా, పొద్దు గూకిందో లేదో చీకటి పడిపోయింది. పడమట సన్నటి నెలవంక. దాని పక్కనే శనిగ్రహం. ఇంకాసేపట్లో ఆ శని కాస్తా చందమామ చాటుకి వెళ్లిపోతుంది. ఈలోపు డాబా మీద చేరిన పిల్లలందరికీ టెలిస్కోపులో చూపించాలి. అదీ ఆయన ఆరాటం.

కిందటిసారి ఇలాగే అందర్నీ పిలిస్తే మబ్బు పట్టింది. అంతకుముందు పిలిచినప్పుడు టెలిస్కోపు మూత తియ్యడం మర్చిపోయాడు. ఆ సంగతి బామ్మర్ది ఊరంతా టాంటాం వేశాడు.

"బావా, ఇవాళ కూడా చూపించకపోతే నీ పేరు మబ్బులాయన అని మార్చేస్తాం!"

చుక్కలాయనకి ఒళ్లు మండింది. బామ్మర్ది మీద కన్నా ఆ లైటు మీద ఎక్కువ మండింది.

నెలవంకకి సరిగ్గా కింద, పక్క ఆసుపత్రి వెనక దొడ్డి. జనరేటరు, ఖాళీ సిలిండర్లు తప్ప అక్కడేమీ ఉండవు. గోడకి ఓ లైటుంది. మనిషి కదిలితే వెలుగుతుంది. కదలకపోతే కాసేపటికి ఆరిపోతుంది. వెలిగితే మాత్రం తిన్నగా డాబా మీదున్న వాళ్ల కళ్లలోనే కొడుతుంది.

మఫ్లరు చుట్టుకున్న మనిషెవరో ఆ దొడ్లో పచార్లు చేస్తున్నాడు. అటు పోతాడు, ఇటు వస్తాడు. కాలు నిలవదు.

"అంకుల్, నాకేం కనబడట్లేదు," అంది టెలిస్కోపు దగ్గరున్న పిల్ల.

చుక్కలాయన పిట్టగోడ దగ్గరికి ఉరికాడు.

"ఓయ్ వాచ్‌మన్! ఆ తిరుగుడు ఆపవయ్యా!"

కింద మనిషి ఆగి తలెత్తాడు. "నన్నేనా అండీ?"

"ఇంకెవర్ని? నువ్వు కదిలినప్పుడల్లా ఆ లైటు మా కళ్లల్లో పొడుస్తోంది. ఓ అరగంట ఉన్నచోటే ఉండు, నీకు పుణ్యముంటుంది."

"కదలకుండానా? ఇవాళ నా వల్ల కాదేమోనండీ."

"భలేవాడివే! నిలబడ్డమేగా నీ ఉద్యోగం!"

ఆ మనిషి డాబా మీది జనం వైపు చూశాడు.

"ఏం చూస్తున్నారండీ?"

"శనిగ్రహాన్ని. పిల్లలకి చూపిస్తున్నా."

"పిల్లలకా? సరేనండీ. చూపించండి."

ఉన్నచోటే నిలబడిపోయాడు. కాసేపటికి లైటు ఆరిపోయింది.

"చూశావా నా తడాఖా!" అన్నాడు చుక్కలాయన బామ్మర్దితో.

ఒక్కొక్కళ్లే కన్ను పెట్టారు.

"ఉంగరం! నిజంగానే ఉంగరం ఉంది!"

"తొయ్యకురా, నా వంతు!"

చుక్కలాయనకి నిలకడ లేదు. ఓ చేత్తో టెలిస్కోపు జరుపుతాడు, ఇంకో చేత్తో పిల్లల్ని జరుపుతాడు. శనికీ చందమామకీ మధ్య సందు తగ్గిపోతోంది.

ఉన్నట్టుండి లైటు భగ్గుమంది. కింద మనిషి మఫ్లరు అంచుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"నీ జలుబు పాడుగానూ! ఇప్పుడే తుడుచుకోవాలా?" అరిచాడు చుక్కలాయన.

ఆ మనిషి గబుక్కున చెయ్యి దించేశాడు. ఇక చెయ్యి కూడా కదల్లేదు.

"ఏమండీ, ఈ చలికి బిగుసుకుపోతాడు, పాపం," అంది భార్య.

"ఊరుకోవే! ఇంకా నలుగురు మిగిలారు."

నలుగురూ చూశారు. ఎగతాళి మాని బామ్మర్ది కూడా చూశాడు. చూసి, "బావా, ఇంకొక్కసారి," అని బతిమాలాడు. ఆఖరున చుక్కలాయన కన్ను పెట్టేసరికి ఉంగరం అంచు చందమామ చాటున మెల్లగా మాయమైపోతోంది. ఆయనకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. డాబా అంతా చప్పట్లు, ఈలలు.

"అయిపోయిందయ్యా! ఇక నీ ఇష్టమొచ్చినట్టు తిరుగు!"

లైటు వెలిగింది. ఆ మనిషి కాళ్లు కూడదీసుకుని, తూలుతూ ఆసుపత్రి లోపలికి పరుగెత్తాడు.

"ఏమిటా పరుగు? ఒక్క మాటైనా మాట్లాడకుండా!" అన్నాడు చుక్కలాయన.

"ఇంత సేపు నిలబెట్టారు. వేడిగా ఇన్ని టీ నీళ్లయినా ఇచ్చి రండి," అని భార్య ఫ్లాస్కు చేతిలో పెట్టింది.

నిజమే అనిపించింది. గొప్పగా గట్టెక్కించాడు మరి. చుక్కలాయన ఉత్సాహంగా మెట్లు దిగి, ఆసుపత్రి చుట్టూ తిరిగి వెనక దొడ్లోకి వెళ్లాడు. అంతలోనే చేతికర్ర పట్టుకుని వాచ్‌మన్ వచ్చాడు.

"భలే నిలబడ్డావయ్యా! ఇదిగో, టీ తాగు."

వాచ్‌మన్ తెల్లబోయాడు. "నేనెక్కడ నిలబడ్డాను సార్? సాయంత్రం నుంచీ ముందు గేటు దగ్గరే ఉన్నాను."

"మరి ఇందాక ఇక్కడ తిరిగిందెవరు? మఫ్లరు చుట్టుకుని..."

"ఓ, ఆయనా! ఎంత పని చేశాడు సార్! ఆయన కోసం నర్సమ్మ వెతకని చోటు లేదు. మేడ మీద కిటికీలోంచి రెండుసార్లు ఇటు చూసిందట. లైటు వెలగట్లేదు కదా, ఎవరూ లేరనుకుని వెళ్లిపోయిందట."

"ఎందుకు వెతకడం? ఎవరాయన?"

"గుండె ఆపరేషనై గండం గడిచి, కళ్లు తెరిచిన పాప ఇందాకట్నించీ 'నాన్న ఏడీ, నాన్న ఏడీ' అని ఏడుస్తోంది కదండీ, ఆ నాన్న."