గడప లోపలి మడుగు

“నీళ్ళు ఎలా వచ్చాయో అడగమ్మా ఆ షట్టర్ల ఆయన్ని,” అన్నాడు పెద్దమేస్త్రి.

ఆ షట్టర్ల ఆయన మూరెడు దూరంలోనే నిలబడి ఉన్నాడు. పైగా మేస్త్రికి కన్నకొడుకు.

కూతురు అన్న వైపు తిరిగింది. ఆమె నోరు తెరవకముందే జవాబు వచ్చేసింది.

“నిన్న నీ కళ్ళముందేగా పైపు పెట్టి నీళ్ళు కొట్టాను. చుక్క దిగిందా? ఆ మాట మేస్త్రిగారికి చెప్పు.”

మేస్త్రికి వినబడింది. అయినా కూతురు మళ్ళీ చెప్పేదాకా విననట్టే ఉండి, పైపు నీళ్ళు వేరు, వాన వేరని చెప్పమన్నాడు.

షట్టరు లోపల ఎడమ మూలన మడుగు కట్టి ఉంది. గోడకి ఆనించిన టేకు పలకలకు జానెడు ఇవతల ఆగింది. అదొక్కటే అదృష్టం.

ఆ వడ్రంగి షెడ్డుకి ఇదివరకు చెక్క తలుపులుండేవి. మేస్త్రి కుర్రతనంలో స్వయంగా చేసుకున్నవి. కిందటి వానల్లో అవి ఉబ్బిపోయి మూసుకోలేదు. జల్లు కొట్టి, ఎవరి మంచానికో కోసిపెట్టిన పలకలన్నీ వంకర తిరిగాయి. మళ్ళీ అలా జరిగితే పని ఇచ్చే నాథుడుండడని కూతురు పట్టుబట్టి రోలింగ్ షట్టర్లు పెట్టిస్తానంది. వడ్రంగి షెడ్డుకి ఇనప తలుపులా అని మేస్త్రి ఒక పూట తిండి మానేశాడు. బిగించేది ఎవరో తెలిశాక రెండో పూట కూడా మానేశాడు.

కొడుకు ఉలి కిందపెట్టి ఇనుము పట్టుకున్న రోజున, నా పని నీకు నామోషీ అయిందా అని తండ్రి అడిగాడు. పని కాదు, నీ నోరే పడలేకపోతున్నానని కొడుకు అన్నాడు. అప్పట్నుంచి ఎదురుపడితే చెరో పక్కకీ తిరిగిపోయేవాళ్ళు. తప్పనిసరి మాట ఏదైనా ఉంటే ఆ పిల్లే అటూ ఇటూ మోయాలి.

మొదటిసారి నీళ్ళు కనబడినప్పుడు కొడుకు గొణుక్కుంటూనే కింది రబ్బరు మార్చాడు. రెండోసారి షట్టరు జారే పక్క గైడుల్లో కొత్త బ్రష్షు పట్టీలు తొడిగి, గోడకీ ఇనుముకీ మధ్య సందుల్లో సీలెంటు కూరాడు. చెల్లెలి చేత షట్టరు దింపించి లోపల చీకట్లో నిలబడి చూశాడు. సూదిమొనంత వెలుతురు కూడా రాలేదు. రాత్రి వాన పడింది. పొద్దున చెల్లెలు షెడ్డు తెరిచి ఊడుస్తుంటే, వెనకాలే వచ్చిన మేస్త్రికి మళ్ళీ అదే మూల, అదే మడుగు.

ఇన్నేళ్ళలో కొడుకు పనిని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు సొంత తండ్రి, వీధంతా వింటుండగా, పని రానివాడంటున్నాడు. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

పాలిష్ పనివాడు చేతిలో గుడ్డ పక్కన పెట్టి మరీ వింటున్నాడు. “మేస్త్రీ, కొడుకు బిగించాడు కాబట్టి కారుతోంది గానీ, పరాయివాడైతే కారకపోను,” అన్నాడు. మేస్త్రి చూసిన చూపుకి మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

“వీటిని పీకించి వేరేవాళ్ళ చేత పెట్టిస్తానని చెప్పు.”

“పీకించుకోమను. ఇదే ఆఖరు. ఇక చచ్చినా ఈ గుమ్మం తొక్కను,” అని కొడుకు పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు.

చెల్లెలు చీపురు విసిరేసింది.

“నావల్ల కాదు నాన్నా. మీ ఇద్దరి మాటలు మోయడానికి నేను పోస్టుమేన్ని కాను. ఇద్దరికీ నోళ్ళున్నాయిగా, మీరే తేల్చుకోండి.”

బయటికెళ్ళి మెట్టు మీద కూర్చుంది. లోపల మేస్త్రి వాలు చూసే రసమట్టం తీసి నేల మీద పెట్టాడు.

“నేల ఎడమకి వాలుంది,” అన్నాడు, ఆ రసమట్టంతో చెబుతున్నట్టు.

“వెలుతురే రానిచోట నీళ్ళెలా వస్తాయి?” కొడుకు కూడా రసమట్టాన్నే అడిగాడు.

“రబ్బరు తగిలింది గానీ నొక్కుకోలేదు. వంగి చూడరా. నిలబడితే ఏం కనిపిస్తుంది?”

సంచి నేల మీద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత మాటలు పెరిగాయి. రబ్బరు దగ్గర మొదలై పాత సంగతుల దాకా పోయాయి. నీ నోరింకా మారలేదని ఒకరు, నీ తొందరా మారలేదని ఇంకొకరు. పాలిష్ పనివాడు భయపడి బయటికొచ్చేశాడు. కాసేపటికి అరుపులు తగ్గి చిత్రిక పడుతున్న శబ్దం వినబడింది.

ఆమె తొంగి చూసింది. మేస్త్రి సన్నటి టేకు బద్ద, ఒక రీపుని, నేల వాలుకి తగ్గట్టు ఒక కొస లావుగా, ఒక కొస పల్చగా చెక్కుతున్నాడు. కొడుకు రెండో కొస కదలకుండా పట్టుకున్నాడు. ఆ రీపుని షట్టరు అడుగున బిగించి, దాని మీద రబ్బరు తొడిగి దింపారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా రబ్బరు ఒకే తీరున నొక్కుకుంది.

వెళ్ళబోతూ, వాన పడితే వచ్చి చూస్తానన్నాడు కొడుకు.

“పడకపోతే రావా?” అని గద్దించాడు మేస్త్రి.

ఆ రాత్రి కుండపోతగా కురిసింది. తెల్లారేసరికి కొడుకు షెడ్డు ముందున్నాడు. నేల పొడిగా ఉంది. చెక్క తగిలాకే నీళ్ళు ఆగాయని మేస్త్రి దారినపోయే వాళ్ళని ఆపి మరీ చూపించాడు. చెక్క కాదు, రబ్బరు పట్టు వల్లనని కొడుకు పోట్లాటకి దిగాడు. ఇద్దరూ ముఖాముఖీ నిలబడి గొంతు చించుకుంటున్నారు.

ఆ పొద్దున మాత్రం చెల్లెలు ఆ మూలన నీళ్ళు పోయలేదు.