ఇద్దరి ఫోన్లలో ఒకే పాట

“మళ్లీ ఖాళీ అయిపోనాది బాబూ. ఇది మూడోసారి” అంటూ ఉమామహేశ్వరి ఫోన్‌ని అద్దాల బల్ల మీద పెట్టింది.

కాశీబుగ్గ బస్టాండు పక్కన ఆ సెల్ షాపు శ్యాంసుందర్‌ది. చుట్టుపక్కల సగం ఫోన్లకి పాటలెక్కించేది అతనే. వెనక మూత తీసి, గోరంత చిప్‌ని బయటికి లాగి కంప్యూటర్‌కి తగిలించాడు.

“ఏటుండీవమ్మా ఇందులో?”

“రెండొందల పద్దెనిమిది పాటలు, మా పెళ్లి ఫొటోలు. మా బావ ఫోన్లో ఏటున్నాయో నా ఫోన్లోనూ అవే ఉండాల. అదే వరసలో ఉండాల.”

“వరస కూడా ఎందుకమ్మా?”

ఆమె సిగ్గుపడి చెప్పలేదు గానీ, సంగతి ఇదీ. మొగుడు అప్పలసూరి ఈ ఊళ్లోనే ఒక జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేస్తాడు, అక్కడే పడుకుంటాడు. ఆమె కవిటి అవతల కొబ్బరితోటలో ఇంట్లో ఉంటుంది. తోడుండే అత్త తన కూతురి పురిటికని వెళ్లి రెండు నెలలైంది, ఇంకా రాలేదు. రోజూ మాట్లాడుకోవాలంటే ఫోన్లో బ్యాలెన్సు ఏ మూలకి? అందుకని సాయంత్రం ఏడింటికి అతను మిస్‌డ్ కాల్ ఇస్తాడు. అది రాగానే ఫ్యాక్టరీలో అతను, ఇంట్లో ఆమె ఒకే పాట పెట్టుకుని అన్నానికి కూర్చుంటారు. నిన్న నలభయ్యోది అయితే ఇవాళ నలభై ఒకటోది. ఆ పాట ఉన్నంతసేపూ ఆమెకి ఎదురుగా మనిషి ఉన్నట్టుండేది. చిప్ ఖాళీ అయిన రోజు నుంచీ మిస్‌డ్ కాల్ వస్తోంది గానీ, పెట్టుకోవడానికి పాట లేదు. ఒక్కర్తీ కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు.

“మరి మీ ఆయన ఎలాగెక్కిత్తాడు?”

“ఆదివారం ఇంటికొచ్చి బ్లూటూత్‌లో ఒక్కొక్కటే పంపుతాడు. రెండు ఫోన్లూ పక్కపక్కనెట్టుకుని కూకుంతాం. దూరం జరిగితే ఆగిపోద్దంట. పొద్దున్న మొదలెడితే మూడు గంటలవుద్ది.”

శ్యాంసుందర్ నవ్వాడు. “నా దగ్గర పది నిమిసాల పనమ్మా.”

“అయ్యో! బావకి ఆ సంగతి తెల్దేమో.”

అసలు తంటా అంతా ఆ ఆదివారాలతోనే వచ్చింది. జీడి సీజన్లో ఒక్క ఆదివారం కూడా నాగా పెట్టనివాడికి మేస్త్రీ పని ఇస్తానన్నాడు యజమాని సీతారాం. మేస్త్రీకి ఫ్యాక్టరీ వెనక గది కూడా ఉంటుంది. గది వస్తే ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండొచ్చు. “సీజనయ్యేదాకా ఇంటికి రాకు బావా. నాను ఉండగలను” అని ఉమే ధైర్యం చెప్పి, ఒట్టు వేయించుకుని మరీ పంపింది. పంపిన మర్నాడు చూస్తే ఫోన్లో ఒక్క పాట లేదు.

ఫోన్ చేసి చెబితే, “పాటల్నేకుండా నీకు ముద్దెలా దిగుద్దే? ఆదివారం వచ్చేత్తాను” అన్నాడతను. వద్దన్నా వచ్చాడు. పాటలన్నీ ఎక్కించాడు. సాయంత్రం ఆమె అతనికి అన్నం మూట కడుతుంటే అరుగు మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చుని, ఆఖరి బస్సుకి వెళ్లాడు. సోమవారం పొద్దున్నే మళ్లీ ఖాళీ. తర్వాతి వారమూ అదే వరస. రెండు నాగాలు పడ్డాయి. ఈ రెండూ వదిలేస్తున్నాననీ, ఇంకొక్కటి పడితే మేస్త్రీ పని వేరేవాడికేననీ సీతారాం ముఖం మీదే చెప్పేశాడు.

అందుకే ఉమ ఈ శనివారం చెప్పాపెట్టకుండా బస్సెక్కింది. ఫ్యాక్టరీ ఇక్కడికి రెండు వీధులే. వెళ్లి ఒక్కసారి చూద్దామని ప్రాణం కొట్టుకుంది. కానీ తనని చూస్తే పని వదిలేసి వచ్చేస్తాడని ఆ వీధి వైపు తల కూడా తిప్పలేదు.

“మీ ఆయన పాటలు ఇక్కడెక్కించుకున్నవేనా? అయితే నా కంప్యూటర్లో ఉంటాయి. పేరు సెప్పమ్మా.”

“అప్పలసూరి.”

శ్యాంసుందర్ వెతికాడు. పాటలు దొరికాయి. వాటి కింద పెళ్లి ఫొటోలూ దొరికాయి. బాసికం కట్టుకున్న పెళ్లికొడుకుని చూసి, తలెత్తి ఉమని ఒకసారి చూశాడు. తర్వాత పాటలూ ఫొటోలూ ఎక్కించాడు.

“అయిపోనాదమ్మా.”

ఉమ ఒక పాట పెట్టి చూసుకుంది. ముఖం విప్పారింది. అంతలోనే మళ్లీ భయం పట్టుకుంది.

“బాబూ, ఇవి పోకండా తాళమేటైనా ఎయ్యగలవా? చదువు నేని సెయ్యి, ఎక్కడ నొక్కితే పోతన్నాయో తెల్డం నేదు. నా మూలంగా బావకి మేస్త్రీ పని పోతాది. ఆ గది నేకపోతే నాను ఆ తోటలో ఒక్కర్తినీ ఎన్నాళ్లుండాల?”

పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. శ్యాంసుందర్ చిప్‌ని ఫోన్లో పెట్టి, మూత వేసి, ఇవ్వబోయి ఆగాడు. ఏ తప్పూ చేయని మనిషి అలా ఏడుస్తుంటే చూడలేకపోయాడు.

“నీ సేతిలో తప్పేటీ నేదమ్మా. నెల్లాళ్ల కిందట మీ ఆయన ఇక్కడికే వచ్చాడు. పాటలెక్కించడం నేర్పుతానంటే ఒద్దన్నాడు, ఫోన్లోంచి తుడిచెయ్యడం ఒక్కటే నేర్పమన్నాడు.”