కింది మూల

“లావుగా ఉండాలి, ఇరుగ్గా ఉండాలి, ముందుకి వాలి ఉండాలి. ఆయన అక్షరాలే కావాలమ్మాయ్,” అంది మేస్త్రిగారి భార్య, లోపలికొచ్చి కూర్చుంటూనే.

ఆయన అక్షరాలట! రాతలమ్మాయికి ఒళ్ళు భగ్గుమంది. అయినా ఉలి పక్కన పెట్టి ఆవిడకి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ మొహం చూస్తే సరిగ్గా నిద్ర పోయినట్టు లేదు.

బోర్డులు రాయడం నేర్చుకుందామని మేస్త్రి దగ్గర చేరిన కొత్తలో, ఓ టైలరు షాపు పని ఆమె చేతికొచ్చింది. పేరేమో చాంతాడంత, గుమ్మం మీద జాగా జానెడు. అక్షరాల్ని నొక్కి ఇరికించింది. దూరానికి కనబడాలని లావు చేసింది. దాంతో అవి మొద్దుల్లా నిలబడిపోయాయి. విసుగొచ్చి ముందుకి వాల్చింది. అంతే, బస్సందుకోవడానికి పరిగెత్తే జనంలా వాటికి ప్రాణమొచ్చింది. దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.

బోర్డు రాసినవాళ్ళు కింది మూలన చిన్నగా పేరు వేసుకోవడం ఆ పనిలో మామూలే. ఆమె కూడా వేసుకుంది. మేస్త్రి నిచ్చెనెక్కి, జేబులోంచి థిన్నర్ గుడ్డ తీసి, ఒక్క తుడుపు తుడిచేశాడు.

“జనానికి టైలరు పేరు కావాలి. నీ పేరు దేనికే?” అన్నాడు.

ఆ తర్వాత ఆమె రాసిన ప్రతి బోర్డు మీదా ఆ గుడ్డ తిరిగింది. అంతటితో ఊరుకున్నాడా? ఆమె అక్షరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఫాంటు చేసి, దానికి ‘మేస్త్రి’ అని అందరూ తనని పిలిచే పేరే పెట్టుకున్నాడు. సినిమా పోస్టర్లు, సబ్బు ప్రకటనలు, బస్సుల వీపులు, ఎక్కడ చూసినా అవే. సభ పెట్టి సన్మానం చేస్తే, బస్సు కోసం పరిగెత్తే జనాన్ని చూసి తనకా ఆలోచన తట్టిందని మైకులో చెప్పాడు. వెనక వరసలో కూర్చున్న ఆమె పళ్ళు నూరుకుంది.

మర్నాడే పని మానేసి రాతి మీద చెక్కడం నేర్చుకుంది. రంగయితే తుడిచేస్తాడు, రాయినేం చేస్తాడో చూద్దామని. ఎప్పటికైనా ఆయన పేరు తన ఉలి కిందికి రాకపోదని కాచుకుని కూర్చుంది. ఇన్నాళ్ళకి అదే వెతుక్కుంటూ వచ్చింది.

“పేరు పొడుగు, రాయి వెడల్పు తక్కువ. పట్టవేమోనమ్మా,” అంది ఆవిడ.

“పడతాయండీ. ఇరుకు చోటు కోసమే పుట్టాయవి.”

ఆ రాయిని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. మేస్త్రి పేరులో ఒక్కో అక్షరానికీ ఉలి దింపుతుంటే కసి తీరినట్టే ఉండేది, తీరేది మాత్రం కాదు. ఆఖరికి కింది మూలకొచ్చింది. అక్కడ ‘అక్షరాలు’ అని చెక్కి, పక్కన తన పేరు చెక్కింది. వేలు పెడితే గోరు మునిగేంత లోతుగా.

రాయి చూసుకోవడానికి వచ్చిన ఆవిడ చూపు నేరుగా ఆ మూలకే పోయింది.

“చేసినవాళ్ళ పేరండీ. మేస్త్రిగారికి ఇష్టం ఉండదనుకోండి,” అంది రాతలమ్మాయి, ఎంతకైనా తెగించి.

ఆవిడ ఆ పేరుని కాసేపు వేలితో తడిమింది.

“ఉండనీ అమ్మాయ్. ఆ గుడ్డలుతికింది నేనేగా.”

రాయి నిలబెట్టేటప్పుడు దగ్గరుండి చూడాలని ఆమె కూడా బండెక్కింది. చుట్టాలు, పాత శిష్యులు అప్పటికే వచ్చి ఉన్నారు. ఒక్కొక్కరే వంగి కింది మూల చదివారు, మొహమొహాలు చూసుకున్నారు. ఎంత చిన్న మాటకైనా ఇంతెత్తున లేచే మేస్త్రి మాత్రం కిక్కురుమనలేదు.

కూలీలు ఆ రాయినెత్తి, మట్టింకా పచ్చి ఆరని ఆయన సమాధికి తలవైపున పాతేశారు.